సైకిలు కదలకూడదు, చక్రం తిరగాలి: ఇంటి ట్రైనర్ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, రెండో వారం

రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరుకు ముందు దశ అని లెక్క. డాక్టరుగారు మందులు రాయలేదు. వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా వ్యాయామం చెయ్యమన్నారు, మూడు నెలలు పోయాక మళ్ళీ చూద్దామన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు చెప్పింది కూడా 150 నుంచి 300 నిమిషాలే. నడక నా మోకాలికి పడదు. సైకిలు పడుతుంది. ఇంట్లో సైకిలుంది కూడా: ఏడు గేర్ల హైబ్రిడ్డు, నాలుగైదేళ్ళ నాటిది. దాన్ని ట్రైనర్ మీద, అంటే సైకిలు ఉన్నచోటే ఉండి చక్రం మాత్రం తిరిగేలా చేసే సామాను మీద పెట్టి ఇంట్లోనే తొక్కాలనుకున్నాను.

విశాఖలో ఉండి ఇంట్లో సైకిలు తొక్కడమేమిటని మీరూ అడగొచ్చు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు, గాలి చల్లగా ఉంటుంది, నిజమే. చిక్కల్లా మా ఆయన షిఫ్టులతో. స్టీల్ ప్లాంటులో పొద్దుటి ‘ఎ’ షిఫ్టు పడితే చీకటితోనే వెళ్ళిపోతారు, రాత్రి ‘సి’ షిఫ్టు పడితే ఎండెక్కాక వస్తారు. అత్తయ్యగారికి తుంటి ఆపరేషన్ అయింది, పొద్దున్న లేచేటప్పుడు పక్కన ఒకరు ఉండి తీరాలి. కాబట్టి నా వ్యాయామం ఇంట్లోనే, అదీ ఐదింటికి, అదీ మూడో అంతస్తులో, కిందివాళ్ళు నిద్రలో ఉండగా.

ఎక్సర్‌సైజు బైకు కొనేస్తే పోలా అని ముందు అనుకున్నది మా ఆయనే. మా అపార్టుమెంటులో రెండిళ్ళలో ఉన్నాయి అవి. రెండింటి మీదా తువాళ్ళు ఆరుతున్నాయి. పైగా అది పెట్టిన చోటే ఉంటుంది, మా హాల్లో అంత చోటు లేదు. ట్రైనర్ అయితే మడిచి మంచం కింద తోసెయ్యొచ్చు. ఆయన బి షిఫ్టు వారం పొద్దుటిపూట ఇంట్లోనే ఉంటారు కనక, అప్పుడు అదే సైకిలు వేసుకుని నేను బీచికి పోవచ్చు. సీటు అదే, హ్యాండిలు అదే, ఒళ్ళు కొత్త కొలతలకు అలవాటు పడక్కర్లేదు.

ఏప్రిల్, మూడో వారం

రకాలు తెలుసుకోవడానికి వారం పట్టింది. నాకర్థమైనంత వరకు రాసుకుంటున్నాను.

రోలర్లు: మూడు గొట్టాలు, వాటి మీద సైకిలు ఊరికే నిలబెట్టి తొక్కాలి, పట్టుకునేది ఏదీ ఉండదు. నిలకడ నేర్చుకోవడానికి పందేల వాళ్ళకు బాగుంటుంది. పక్క గదిలోంచి అత్తయ్యగారు పిలిస్తే ఠక్కున దిగాల్సిన నాకు పనికిరాదు. కొట్టేశాను.

మాగ్నెటిక్: వెనక చక్రాన్ని ఇనప చట్రంలో బిగిస్తారు, టైరుకి ఓ రోలరు ఆనుతుంది. రోలరుకి అవతల అల్యూమినియం పళ్ళెం, దాని పక్కన అయస్కాంతాలు. పళ్ళెం తిరిగితే అందులో ఎడ్డీ కరెంట్లు పుట్టి తిరగడాన్ని అడ్డుకుంటాయి. ఇంటర్ ఫిజిక్సులో మార్కుల కోసం బట్టీపట్టిన సంగతే. పాత కరెంటు మీటర్లో గిర్రున తిరిగే పళ్ళేనికి పగ్గం వేసేదీ అయస్కాంతమే, అదే సూత్రం. హ్యాండిలుకి తగిలించిన లీవరుతో అయస్కాంతాలను దగ్గరికి జరిపితే బరువు పెరుగుతుంది. కరెంటు అక్కర్లేదు.

ఫ్లూయిడ్: చట్రం ఇలాంటిదే. అయస్కాంతాల బదులు మూసిన డబ్బాలో సిలికాన్ నూనె, అందులో తిరిగే రెక్కలు. లీవరు ఉండదు. గట్టిగా తొక్కేకొద్దీ నూనే అడ్డం తిరుగుతుంది. వేగం రెట్టింపయితే పెట్టాల్సిన శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. రోడ్డు మీద ఎదురుగాలి కూడా ఇదే లెక్కలో పనిచేస్తుంది కాబట్టే ఇది రోడ్డులా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. మాగ్నెటిక్ కంటే చప్పుడు కూడా కాస్త తక్కువ.

డైరెక్ట్ డ్రైవ్: వెనక చక్రం ఊడదీసి, చైను నేరుగా ట్రైనర్ పళ్ళ మీద వేస్తారు. టైరే లేదు కాబట్టి టైరు మోతా లేదు. 2012లో వాహూ వాళ్ళ కికర్ వచ్చాక ఈ రకానికి గిరాకీ పెరిగింది. దాని తర్వాతి మోడళ్ళలో ఫ్లైవీలే (ఊపు నిలబెట్టే బరువైన చక్రం) 7.3 కిలోలు. ఫోనుతోనో కంప్యూటరుతోనో కలుపుకుంటే తెర మీద కొండ వచ్చినప్పుడు కాళ్ళ కింద బరువు దానంతటదే పెరుగుతుంది. 2014లో మొదలైన జ్విఫ్ట్ లాంటి ఆటలన్నీ దీనితోనే రక్తికడతాయి. 2020 డిసెంబరులో ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య ఈ ఇంటి సైకిళ్ళకు ప్రపంచ పోటీ కూడా పెట్టింది. ఆడవాళ్ళలో గెలిచినావిడ దక్షిణాఫ్రికా ఆమె, ఆష్లీ మూల్మన్ పాసియో. చదివాక నాకూ మనసు లాగింది, దాచుకోవడమెందుకు.

కాని ధర పదివేల లెక్కల్లో ఉంది. మాగ్నెటిక్ అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఏప్రిల్, చివరి ఆదివారం

ఇవాళ వెనక చక్రం విప్పి చూశాం. ఈ ప్రాజెక్టులో అసలైన రోజు ఇదే అనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ట్రైనర్ల బొమ్మలు చూశాను, సమాధానం మాత్రం వరండాలో నా సైకిలు వెనక చక్రంలో ఉంది.

మొదట చూడాల్సింది యాక్సిల్, అంటే ఇరుసు. కొన్ని సైకిళ్ళకు చేత్తో తిప్పే లీవరు ఉంటుంది, దాన్నే క్విక్ రిలీజ్ అంటారు. బోలు యాక్సిల్, మధ్యలోంచి సన్నటి కడ్డీ. ట్రైనర్లన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఖరీదైన డిస్కు బ్రేకు సైకిళ్ళకు లావుపాటి త్రూ యాక్సిల్ ఉంటుంది, వాటికి ట్రైనర్‌తో పాటు అడాప్టరు వస్తుందో లేదో అడిగి మరీ కొనాలి. నా దానికి ఆ రెండూ కాదు. నిఖార్సయిన ఇనప యాక్సిల్, అటూ ఇటూ 15 నంబరు పానా పట్టే నట్లు. మన దగ్గర మామూలు సైకిళ్ళకు ఎక్కువగా ఉండేది ఇదే.

రెండోది గేర్ల పళ్ళు. ఇవి రెండు జాతులు. ఒకటి క్యాసెట్, హబ్బు (చక్రం మధ్య భాగం) మీదున్న గాళ్ళలోకి జారి కూర్చుంటుంది. రెండోది మెకానిక్కులు ఫ్రీవీలు అనే పాతరకం, మర తిప్పి బిగించేది. పోల్చుకోవడం తేలిక. చక్రం చేత్తో పట్టుకుని పళ్ళను వెనక్కి తిప్పాలి. మధ్యలో పనిముట్టు పెట్టే గాళ్ళున్న రింగు కూడా పళ్ళతో పాటు తిరిగితే క్యాసెట్. పళ్ళు తిరుగుతున్నా ఆ రింగు కదలకపోతే ఫ్రీవీలు. నాది కదల్లేదు.

ఫ్రీవీలు డైరెక్ట్ డ్రైవ్ మీదికి ఎక్కదు. విడిగా క్యాసెట్ కొనాలి, ఏడు గేర్లదైతే వెనక 4.5 మిల్లీమీటర్ల వాషరు వెయ్యాలి, ట్రైనర్లో పళ్ళు కూర్చునే బాడీ పదకొండు గేర్లకు చేసిందైతే ఇంకో 1.85 కలపాలి. సరే, అదీ చేద్దామనుకున్నా, బీచికి పోవాలనుకున్న ప్రతిసారీ చక్రం ఎక్కించి నట్లు బిగించాలి, చేతులకు మడ్డి. పైగా సాయంత్రాలు మాకు కరెంటు పోతుంటుంది. దానికి కరెంటు లేకపోతే అంత డబ్బూ పోసిన సంగతులన్నీ పడుకుంటాయి. హబ్బు క్యాసెట్ జాతిదై, సైకిలు ఇంట్లోనే ఉండేదై, చేతిలో డబ్బుంటే మాత్రం నేను ఇంకోటి చూడను. చప్పుడు విషయంలో దానికి సాటి లేదు.

మా ఆయన ప్లాంటు బుద్ధి ప్రకారం వెర్నియర్ తీశారు. చక్రం కూర్చునే రెండు చీలికల మధ్య దూరం 135, యాక్సిల్ మందం 10, మర పిచ్ (ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ దూరం) 1 మిల్లీమీటరు. "రాసుకో, దుకాణంలో నోటితో చెప్తే వినరు" అన్నారు. రాసుకున్నాను.

మే, మొదటి వారం

హైదరాబాదుకి మకాం మారుస్తున్న ఒకాయన ఫ్లూయిడ్ ట్రైనర్ అమ్ముతున్నాడంటే సీతమ్మధార వెళ్ళాం. లాక్‌డౌన్‌లో కొన్నదట, పెద్దగా వాడలేదట. ధర సగానికి సగం.

పాత ఫ్లూయిడ్‌ని చూసే పద్ధతి ఇది. తొక్కి చూసే ముందు, డబ్బాలోంచి రోలరు వైపు వచ్చే ఇరుసు చుట్టూ తెల్ల కాగితం ముక్కతో ఒత్తి తుడవాలి. పొడి మట్టి అంటితే ఫరవాలేదు. జిడ్డు అంటితే సీలు పోయినట్టే. రోలరుని రెండు వేళ్ళతో నెమ్మదిగా తిప్పాలి. గరగరమంటే బేరింగులు పోయాయి. పైకీ కిందికీ ఆడించి చూడాలి. రోలరు మీద టైరు జారి కాలిన మచ్చలున్నాయేమో కూడా చూసుకోవాలి.

కాగితానికి జిడ్డు అంటింది. చిన్న మచ్చే, రూపాయి బిళ్ళంత కూడా లేదు. అమ్మే ఆయన "అది చైను ఆయిలండీ" అన్నాడు, ఆయనకు నిజంగా తెలియకపోవచ్చు. కాని సిలికాన్ నూనె డబ్బాలు విప్పి నింపేవి కావు, కారితే డబ్బా మొత్తం మార్చాల్సిందే, ఆ డబ్బా ఇక్కడ విడిగా దొరకదు. కాఫీ తాగి వచ్చేశాం.

మే, రెండో వారం

సైకిల్ని ఆటోలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. ట్రైనర్ కొనేవాళ్ళెవరైనా చెయ్యాల్సిన పని ఇది. డబ్బా మీద 26 అంగుళాల నుంచి 29 దాకా అన్ని చక్రాలకూ అని రాసి ఉంటుంది. మన చట్రానికి, మన నట్లకు, మన స్టాండుకి తగులుతుందో లేదో డబ్బా చెప్పదు. నా సైడు స్టాండు నిజంగానే ట్రైనర్ కాలుకి తగిలింది. ఒక బోల్టు విప్పితే ఊడిపోయింది, అంతే.

నట్టు మీద మాత్రం పట్టు కుదరలేదు. బిగించే గిన్నెలు గుండ్రటి కొనలకు చేసినవి, ఆరు మూలల నట్టుకి ఒక పక్క పట్టి రెండో పక్క జారుతున్నాయి. డబ్బాలో ట్రైనర్ కోసం ఇచ్చే ఉక్కు కడ్డీ ఉంది, అది దూరాలంటే బోలు యాక్సిల్ కావాలి. కుర్రాడు కొత్త చక్రమే కొనెయ్యమన్నాడు. బోలు యాక్సిల్ మార్పిస్తే సరిపోతుందని నాకు వెర్నియర్ కాగితం చెబుతోంది.

మాగ్నెటిక్ తీసుకున్నాను. ఆరు మెట్ల లీవరు, మడిస్తే పరుపు కింద పట్టే ఎత్తు. దుకాణంలోనే వాళ్ళ సైకిలు పెట్టి గంటకి 25 దాకా తొక్కి కాళ్ళు ఆపేసి చూశాను, చక్రం ఎంతసేపు తిరుగుతుందోనని. ఫ్లైవీలు బరువు కాళ్ళకు తెలిసే పరీక్ష ఇదొక్కటే. వెంటనే ఆగిపోతే పెడలు కింది నుంచి పైకి వచ్చే ప్రతిసారీ గుంజుతుంది, మోకాలికి అది మంచిది కాదు. ఇది ఫరవాలేదు.

మే, మూడో వారం

ఇసుకతోటలో సైకిల్ మెకానిక్ దగ్గర. పెద్దాయన. సంగతి విని నవ్వాడు.

"ఏటమ్మగోరు, అంత రోడ్డెట్టుకోని ఇంట్లో తొక్కుతారేటి?"

"తొక్కుతాను బాబూ. యాక్సిల్ ఉందా లేదా చెప్పు."

ఉంది. 10 మిల్లీమీటర్ల బోలు యాక్సిల్, పొడుగు 146. ఈ పొడుగు ఊరికే వచ్చింది కాదు. చీలికల మధ్య 135, అటు అయిదున్నర, ఇటు అయిదున్నర. ఆ అయిదున్నర చీలిక మందంలోనే ఇమిడిపోవాలి. కొన బయటికి పొడుచుకొస్తే కడ్డీ ఎంత బిగించినా యాక్సిల్ కొననే నొక్కుతుంది, చట్రాన్ని పట్టదు.

పని చూస్తూ అక్కడే కూర్చున్నాను. ముందు వైసులో పట్టి ఫ్రీవీలు విప్పాడు, అది కదలడానికి గొట్టం తొడిగి లాగాల్సొచ్చింది. తర్వాత నట్లు, వాషర్లు, కోన్లు (బేరింగు గోళీలను నొక్కిపట్టే శంకు బిళ్ళలు) వరసగా గుడ్డ మీద పేర్చాడు, ఏ పక్కవి ఆ పక్కనే. హబ్బులోంచి గోళీలు తీసి కిరసనాయిలు గిన్నెలో వేశాడు. పక్కకు తొమ్మిది, పావు అంగుళానివి. గ్రీజు నల్లగా, ఇసుకతో కలిసి ముద్దయిపోయి ఉంది, బీచ్ రోడ్డు జ్ఞాపకాలు. కుడి కోన్ని వెలుతురుకి పెట్టి చూపించాడు. గోళీలు తిరిగే దారిలో సూది పొడిచినట్టు గుంతలు. ఫ్రీవీలు హబ్బుల్లో కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది, యాక్సిల్ కొన ఊతం లేకుండా బయటికి వేలాడుతుంది, బరువంతా అక్కడ పడుతుందని అతని వివరణ. రెండు కోన్లూ మార్చేశాడు.

బిగింపు దగ్గర ఒక సూక్ష్మం ఉంది. కోన్ని పూర్తిగా బిగించకుండా చక్రం వెంట్రుకవాసి ఆడేలా వదిలాడు. కడ్డీ లీవరు మూశాక ఆ ఆట పోయింది. బోలు యాక్సిల్ లీవరు నొక్కుడుకి కొంచెం కుదించుకుంటుంది కాబట్టి ముందే బిగిస్తే తర్వాత గోళీలు నలుగుతాయి. రిమ్ము బెండు కూడా అక్కడే తీయించాను. రోడ్డు మీద తెలియని బెండు రోలరు మీద తిప్పినప్పుడల్లా ఓ దరువు వేస్తుంది.

కొత్త చక్రం ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

మే, చివరి వారం

టైరు. నాది 38 మిల్లీమీటర్ల వెడల్పు, గళ్ళు గళ్ళుగా గుబ్బలున్నది. దాన్ని రోలరు మీద తిప్పితే వచ్చే మోతకు అత్తయ్యగారు "అమ్మాయ్, ఏమిటా హెలికాప్టరు" అన్నారు. వెనక దానికి మాత్రం 32 వెడల్పు నున్నటి టైరు వేయించాను. ట్రైనర్ల కోసమే చేసే ప్రత్యేకమైన టైర్లూ ఉంటాయి, అరగవు, వేడికి ఆగుతాయి. కాని వాటితో రోడ్డెక్కకూడదు, తడిలో జారతాయి. నాకు రెండు పనులూ కావాలి.

గాలి 75 పీఎస్‌ఐ పెట్టాను, టైరు పక్కన 85 దాకా అని ఉంది. రోలరుని టైరుకి తాకించి, అక్కడినుంచి మర రెండు చుట్లు. సరిపోయిందా లేదా చూడ్డానికి చక్రాన్ని చేత్తో హఠాత్తుగా లాగాలి. రోలరు కూడా వెంట కదిలితే సరి. టైరు జారి రోలరు ఆగిపోతే ఇంకో అరచుట్టు. అతిగా నొక్కినా చేటే, టైరు వేడెక్కి నల్లటి పొడి రాలుతుంది. తొక్కడం అయిపోయాక మర వదులు చేసెయ్యాలి, లేకపోతే ఆనిన చోట టైరు అణిగిపోయి మర్నాడు టకటకమంటుంది.

ముందు చక్రం కిందకి ఎత్తు కావాలి, లేకపోతే దిగుడులో తొక్కుతున్నట్టుండి బరువంతా మణికట్ల మీద పడుతుంది. నేల నుంచి ఇరుసు దాకా కొలిచాం: ముందు 34.5 సెంటీమీటర్లు, వెనక 40. తేడా అయిదున్నర. వంటింటి అలమరలు చేసినప్పుడు మిగిలిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు మూడు ఒకదాని మీదొకటి అంటిస్తే 5.4 అయింది. పైముక్కలో టైరు కూర్చునేలా గాడి తీయించాం. దీనికి దుకాణంలో ప్లాస్టిక్ దిమ్మ అమ్ముతారు.

జూన్, మొదటి వారం

చప్పుడు. అసలు పరీక్ష.

కిందింటి పిన్నిగారిని ముందే బతిమాలుకున్నాను. సాయంత్రం నేను పైన తొక్కుతాను, మీరు గదులన్నీ తిరిగి ఎక్కడ ఎంత వినబడుతుందో ఫోన్లో చెప్పండి అని. ఆవిడకీ సరదాగానే ఉంది.

హాలు మధ్యలో, ఒట్టి టైల్సు మీద పెట్టినప్పుడు: "అమ్మాయీ, మా పడగ్గదిలో మంచం కూడా గుయ్యిమంటోందే!" కింద జిమ్ముల్లో వేసే రబ్బరు పలక వేశాక: తగ్గింది, పోలేదు. అప్పుడు మా ఆయన ట్రైనర్ని హాలు మధ్యలోంచి ఎత్తి భోజనాల బల్ల మూలకి, బీము మీదికి జరిపారు. శ్లాబు మధ్యభాగం ఎక్కువ ఊగుతుంది, బీము, స్తంభం ఉన్న మూల బిగుతుగా ఉంటుంది. పైగా అపార్టుమెంట్లలో మన గది కింద వాళ్ళదీ అదే గది, భోజనాల మూల కింద పడుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఈసారి ఆవిడ: "ఎక్కడో రెండిళ్ళ అవతల వెట్ గ్రైండరు తిరుగుతున్నట్టుంది. ఇది నాకు నిద్రలో వినబడదు, నువ్వు కానియ్."

ఇంకో సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాం. మోత పెంచేది బరువు కాదు, చక్రం వేగం. పెద్ద గేరులో చక్రాన్ని గిరగిరా తిప్పేకంటే, లీవరు నాలుగో మెట్టులో పెట్టి తేలిక గేరులో తొక్కితే అంతే శ్రమకు సగం చప్పుడు. అయితే చక్రం నెమ్మదిస్తే ఫ్లైవీలు ఊపు తగ్గి పెడలు గుంజుతుంది. ఐదింటికి కొంచెం గుంజినా ఓర్చుకుంటాను, ఏడు దాటాక పెద్ద గేరు. బేరం అలా కుదిరింది.

జూన్, రెండో వారం

చెమట సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదేమో.

మనిషి తిన్న తిండిలో పెడలు దాకా చేరేది నాలుగో వంతుకి లోపే, మిగతాది వేడి. ట్రైనర్ పుస్తకంలో ప్రతి మెట్టుకీ వేగానికి ఎన్ని వాట్లో గీత గీసి ఇచ్చారు. దాని ప్రకారం నేను పెట్టేది 100 వాట్లకు అటూ ఇటూ, పాత సీలింగు ఫ్యాను తినేదానికి కొంచెం ఎక్కువ. ఆ 100 పెట్టడానికి నా ఒళ్ళు ఇంకో 300, 400 వాట్ల వేడి గదిలోకి వదులుతుంది. రోడ్డు మీద అయితే ఎదురుగాలి దాన్ని ఎత్తుకుపోతుంది. ఇక్కడ పోదు. విశాఖ జూన్‌లో అసలే ఉక్క, చెమట ఆరదు, కారుతుంది. పావుగంటకే గుండె దడదడ.

సీలింగు ఫ్యాను దండగ, నడినెత్తికే కొడుతుంది. స్టాండు ఫ్యాను ఎదురుగా, ఛాతీ ఎత్తుకు, నాలుగడుగుల దూరంలో పెట్టాక అదే శ్రమకు గుండె వేగం పదికి పైగా తగ్గింది. డబ్బు తక్కువైతే ట్రైనర్లో ఒక మెట్టు తక్కువది కొని మంచి ఫ్యాను కొనుక్కోమంటాను.

ఇక తుప్పు. సముద్రపు గాలికి ఇక్కడ కిటికీ ఊచలే తట్టుకోలేవు. దానికి మన ఉప్పు కూడా తోడవుతుంది. హ్యాండిలు నుంచి సీటు దాకా తువాలు పరుస్తున్నాను. దిగగానే ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. హ్యాండిలు బిగించే బోల్టుల గుంతల్లో చెమట నిలుస్తుంది, అక్కడ గ్రీజు చుక్క పెట్టాను. చైనుకి వారానికోసారి నూనె, రోలరు వైపు చిమ్మకుండా గుడ్డ అడ్డం పెట్టి. టైరుకి నూనె అంటిందా, ఇక రోలరు మీద జారుడే.

జూన్, నాలుగో వారం

సీటు. రోడ్డు మీద తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం, గుంత వస్తే లేస్తాం. ఇక్కడ కదలిక లేదు. ఇరవై నిమిషాలకు తిమ్మిరి. మెత్తటి జెల్ కవరు కొనమంటారు, నేను కొనలేదు. అయిదారు నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడి ఇరవై లెక్కపెడుతున్నాను, తిమ్మిరి పోయింది. ఎత్తు సరిచూసుకోవడం మోకాలు కోసం: పెడలు అట్టడుగున ఉండగా మడమ దాని మీద పెట్టినప్పుడు కాలు నిటారుగా రావాలి, మామూలుగా ముందరి పాదంతో తొక్కేటప్పుడు సన్నటి వంపు మిగులుతుంది.

మా ఆయన కూడా ఎక్కి చూశారు. ఆయన లేచి నిలబడి ఊగుతూ తొక్కితే చట్రం కిర్రుమంది. కార్బన్ చట్రాల వాళ్ళు ఈ పని చెయ్యకుండా ఉంటే మంచిది, నాది అల్యూమినియం. సీటు గొట్టం మీద నా ఎత్తుకు ఎర్ర టేపు, ఆయన ఎత్తుకు నల్ల టేపు చుట్టాం, ఇక కొలతల గొడవ లేదు.

జూలై, మొదటి వారం

లెక్కల కోసం రెండు సెన్సర్లు తెచ్చాను. వేగానిది వెనక హబ్బుకే కట్టాలి, ముందు చక్రం తిరగదు కదా. రెండోది పెడలు తగిలించిన కడ్డీకి, నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పడానికి. గుండ్రటి 2032 బ్యాటరీ, ఫోనుకి బ్లూటూత్. యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) మాత్రమే ఉన్నవి కొనేముందు మీ ఫోను చూసుకోండి, చాలా ఫోన్లకు అది రాదు.

ఈ వేగాన్ని బట్టి యాపులు వాట్లు అంచనా కట్టి చూపిస్తాయి. కాని టైరులో గాలి కాస్త తగ్గినా, మర అరచుట్టు ఎక్కువైనా ఆ అంకె అబద్ధమాడుతుంది. టైరు వేడెక్కాక కూడా మారుతుంది. అందుకే నేను దాన్ని పక్కింటివాళ్ళతో పోల్చుకోవడానికి వాడను. నాకు పనికొచ్చేది గుండె వేగం. 220లోంచి నా 46 తీసేస్తే 174. అందులో 64 నుంచి 76 శాతం, అంటే 111 నుంచి 132 మధ్య ఉంటే ఓ మోస్తరు వ్యాయామం. గుండె వేగం కొలిచే పట్టీ లేనివాళ్ళకు ఇంకో కొలత ఉంది: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అత్తయ్యగారు మంచం మీద నుంచే "పాడవే చూద్దాం" అని పరీక్ష పెడుతుంటారు.

ఇప్పటి వరస: అయిదు నిమిషాలు తేలిగ్గా, తర్వాత నాలుగు నిమిషాలు గట్టిగా రెండు నిమిషాలు నెమ్మదిగా అలా కొన్ని వంతులు, చివర అయిదు నిమిషాలు ఊరికే. వారానికి 150 దాటుతోంది. రక్తపరీక్ష నెలాఖరుకి పెట్టుకున్నాను. ఎర్ర రక్తకణాల ఆయుష్షు 120 రోజులకు అటూ ఇటూ కాబట్టి, ట్రైనర్ ఎక్కింది జూన్‌లో కాబట్టి, ఈ విడత అంకెలో ఈ పని ప్రభావం పూర్తిగా కనబడదు. డాక్టరుగారు అక్టోబరులో ఇంకోటి చేయిద్దామన్నారు.

మిగిలిన పనులు: రబ్బరు పలక అంచు టైల్సు మీద నల్ల మరక వేస్తోంది, కింద పాత దుప్పటి పరవాలి. గేర్ల వైరు మార్పించాలి, మూడో గేరు మీద చైను నిలబడటం లేదు. వచ్చే వారం ఆయనకు బి షిఫ్టు, సైకిలు కిందికి దించుతాను. వానలు పడుతున్నాయి, టైరేమో నున్నటిది, కాబట్టి రోడ్డుకి గాలి 60కి తగ్గించి వెళ్ళాలి, తిరిగొచ్చాక 75కి కొట్టి రోలరు మర మళ్ళీ తాకించిన దగ్గరనుంచి రెండు చుట్లు.